ఊళ్ళో ఉన్న కంపెనీ, ఫోన్‌లో ఉన్న కంపెనీ

మే నెల రెండో వారంలో మా ఇంట్లో ఫ్రిజ్ ఆగిపోయింది. పొద్దున్నే పాల గిన్నె తీద్దామని తలుపు తెరిస్తే లోపల లైటు వెలుగుతోంది గానీ చల్లదనం లేదు. పెరుగు పులిసిపోయింది, కొత్తిమీర వాడిపోయింది. అవి పోతే పోయాయి. నా కళ్ళు మాత్రం తలుపు అరలో ఉన్న చిన్న డబ్బా మీదకే వెళ్ళాయి. అందులో మా అత్తమ్మ ఇన్సులిన్ ఉంది. రెండు నెలలకి సరిపడా అప్పుడే తెచ్చి పెట్టుకున్నాం.

హైదరాబాద్ ఎండల సంగతి మీకు చెప్పక్కర్లేదు. లాల్ దర్వాజా దగ్గర మా ఇంటికి మూడు పక్కలా వేరేవాళ్ళ గోడలే. మధ్యాహ్నం వంటింట్లో నిలబడితే పెనం మీద నిలబడ్డట్టే. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సీసా కొన్నాళ్ళు బయట ఉన్నా ఫరవాలేదంటారు. కానీ అది మామూలు గదిలో, 40 డిగ్రీలు దాటిన ఇంట్లో కాదు. సీలు తీయని సీసాలైతే ఫ్రిజ్‌లో ఉండాల్సిందే.

ఫ్రిజ్ కొని ఎనిమిది నెలలే అయింది. బిల్లు ఉంది, వారంటీ కార్డు ఉంది. ఆ ధైర్యంతోనే కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకి ఫోన్ చేశాను. కంపెనీ పేరు చెప్పను. ఆ పేరు చోట మీ ఇంట్లో ఉన్న ఏ కంపెనీ పేరు పెట్టుకున్నా ఈ కథ పెద్దగా మారదు.

తెలుగు కోసం ఒక అంకె నొక్కమంది, నొక్కాను. ఫ్రిజ్ కోసం ఇంకో అంకె, నొక్కాను. తర్వాత 12 నిమిషాలు సంగీతం విన్నాను. ఆఖరికి ఒకమ్మాయి వచ్చింది. ఎంత మర్యాదగా మాట్లాడిందో! "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్, 24 గంటల్లో మా టెక్నీషియన్ మిమ్మల్ని సంప్రదిస్తారు" అంది. ఇన్సులిన్ విషయం చెప్పాను. "తప్పకుండా నోట్ చేసుకుంటున్నాను మేడమ్" అంది.

24 గంటలు అయ్యాయి, 48 అయ్యాయి. మూడో రోజు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకి రేటింగ్ ఇవ్వండి. కింద ఐదు చుక్కలు. మా గుమ్మం తొక్కిన మనిషి లేడు, ఫోన్ చేసిన మనిషి లేడు. మళ్ళీ చేస్తే ఇంకో అమ్మాయి, మళ్ళీ మొదటి నుంచి అదే కథ చెప్పడం.

ఈలోగా మమ్మల్ని ఆదుకున్నది ఎదురింటి ఖాలా. సంగతి తెలియగానే "ఫికర్ మత్ కరో బేటీ, మేరా ఫ్రిజ్ హై నా" అని, తన ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి ఇచ్చింది. రోజూ వాడే సీసా మాత్రం ఇంట్లోనే ఉంచాం. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, మధ్యలో చిన్న కుండ దించి, అందులో మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టాం. పూటకోసారి ఇసుక తడపడం మా అబ్బాయి డ్యూటీ.

ఉండబట్టలేక మా గల్లీ చివర ఉన్న ఫ్రిజ్ మెకానిక్‌ని పిలిచాను. ముప్ఫయ్యేళ్ళుగా అదే పనిలో ఉన్న మనిషి. ఫ్రిజ్‌కి చెవి ఆనించి విన్నాడు, వెనక చెయ్యి పెట్టి చూశాడు. "కంప్రెసర్ బాగానే ఉంది భాభీ. దాన్ని స్టార్ట్ చేసే రిలే పోయినట్టుంది. చిన్న ముక్క. కానీ నేను వెనక మూత విప్పితే మీ వారంటీ పోతుంది" అని, పైసా కూడా తీసుకోకుండా వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బాగుచేయగలిగిన మనిషి నాలుగిళ్ళ అవతల ఉన్నాడు, అతనికి ముట్టుకునే హక్కు లేదు. హక్కు ఉన్నవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. ఫోన్ ఎత్తే అమ్మాయి చేతిలో ఆ రెండూ లేవు. ఇలా ఎలా తయారైంది, ఎప్పటి నుంచి ఇలా ఉంది అని ఆలోచిస్తూ పడుకున్నాను.

పొద్దున్నే అత్తమ్మ అన్న మాటతో ఆ ఆలోచనకి దారి దొరికింది. "మన ఆల్విన్ ఫ్రిజ్జు ఉన్నప్పుడు గిట్ల లేకుండె బిడ్డా. పాడైతే మీ మామ సైకిలేసుకోని పోయి చెప్పొచ్చెటోడు" అంది.

మనలో నలభై దాటినవాళ్ళకి ఆల్విన్ గుర్తుండే ఉంటుంది. పిల్లలకి మాత్రం అది బస్సు కండక్టరు అరిచే పేరే. కూకట్‌పల్లి వైపు ఆల్విన్ కాలనీ, మియాపూర్‌లో ఆల్విన్ చౌరస్తా. ఆ పేరు వెనక ఒక కంపెనీ ఉండేదని, అది మన ఊరి కంపెనీ అని, ఈ దేశంలో ఎన్నో వంటిళ్ళకి ఫ్రిజ్‌లు చేసి పంపిందని మా పిల్లలకి చెబితే నమ్మలేదు.

1942లో, నిజాం పాలనలో, ఆల్విన్ మెటల్ వర్క్స్ అనే పేరుతో అది మొదలైంది. హైదరాబాద్ ప్రభుత్వం పరిశ్రమల కోసం పెట్టిన ట్రస్టు నిధి, అల్లాదీన్ అండ్ కంపెనీ అనే వ్యాపార సంస్థ కలిసి పెట్టిన కంపెనీ అది. సనత్‌నగర్ వైపు ఫ్యాక్టరీ. ఇనుప కుర్చీలు, బీరువాలు చేసింది. బస్సులకి బాడీలు కట్టింది. తర్వాతి రోజుల్లో ఇది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ సంస్థ అయింది. ఫ్రిజ్‌లు చేసింది, 1980లలో జపాన్‌కి చెందిన సీకో సాయంతో చేతి గడియారాలు కూడా చేసింది. మా ఆయన పదో తరగతి పాసైనప్పుడు కట్టుకున్నది ఆల్విన్ వాచీయే.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో ఆల్విన్ ఫ్రిజ్ కొన్నవాళ్ళకి దాన్ని చేసిన మనిషి దూరపువాడు కాదు. ఫ్యాక్టరీలో పనిచేసే అన్న పక్క వాడలో ఉండేవాడు. పెళ్ళిలో కనిపించేవాడు, బోనాల్లో కనిపించేవాడు. "ఏమన్నా, మీ ఫ్రిజ్జు చప్పుడు చేస్తోంది" అని ఆయన్ని మొహం మీదే అడగొచ్చు. ఆయన జవాబు చెప్పాలి, లేకపోతే తలొంచుకోవాలి. ఈ తలొంచుకోవడం చిన్న విషయం కాదు. వ్యాపారంలో నాణ్యతని కాపాడేది చాలాసార్లు అదే.

పాతబస్తీలో అలాంటి వ్యాపారాలు ఇప్పటికీ ఉన్నాయి. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్ దుకాణం 1851లో మొదలైంది. నాన్ మాడితే అక్కడే, భట్టీ ముందే చెప్పొచ్చు. లాడ్ బజార్‌లో లక్క గాజులు కొనేటప్పుడు చూడండి. గాజు బిగువైతే ఆ అంగడి మనిషి దాన్ని నిప్పు సెగకి చూపించి, మన కళ్ళ ముందే మన మణికట్టు కొలతకి సరిచేసి ఇస్తాడు. 2024లో ఆ గాజులకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. జిందా తిలిస్మాత్ సంగతి వేరే చెప్పాలా? 1920లో హకీమ్ మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ ఈ ఊళ్ళో తయారుచేసిన మందు. వందేళ్ళు దాటినా జలుబు చేస్తే మా అత్తమ్మ చెయ్యి ఆ సీసా వైపే పోతుంది. హకీం గారి దగ్గరికి వెళ్ళి నాడి చూపించుకునే రోజుల్లో పుట్టిన మందు, సీసాల్లో దూరపు ఊళ్ళకి వెళ్ళింది. పేరు మాత్రం ఈ ఊరితోనే ఉండిపోయింది.

అలాగని పెద్ద కంపెనీలు మనకి దూరం కావడం ఈ మధ్యనే మొదలైందనుకుంటే పొరపాటు. అసలు 'కంపెనీ' అనే మాట మన భాషలోకి వచ్చిందే ఒక దూరపు కంపెనీతో. మన పెద్దవాళ్ళు దాన్ని 'కుంఫిణీ' అన్నారు. 1600 సంవత్సరం ఆఖరి రోజున లండన్‌లో పుట్టిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నం రేవులో దిగింది. రెండొందల ఏళ్ళు తిరిగేసరికి హైదరాబాద్‌లో, ఇప్పటి కోఠీలో, వాళ్ళ రెసిడెంటుకి రాజమహల్ లాంటి భవనం లేచింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు అందులోనే మన ఆడపిల్లల కాలేజీ నడిచింది. మనలో కొందరు అక్కడే చదువుకున్నారు కదా!

ఆ కుంఫిణీ యజమానులు లండన్‌లో కూర్చునేవాళ్ళు. ఇక్కడ నుంచి ఉత్తరం ఓడెక్కి వెళ్ళడానికి నెలలు, జవాబు రావడానికి ఇంకొన్ని నెలలు. 1832-33లో గుంటూరు సీమలో ఘోరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కాబట్టి నందన కరువన్నారు, ఎముకలు తేలిన మనుషులని చూసి డొక్కల కరువన్నారు. ఆ సీమని ఏలుతున్నది ఆ కుంఫిణీయే. అక్కడ ఆకలితో ఉన్నవాళ్ళ మొహాలు లండన్‌లో వాటాలు కొన్నవాళ్ళకి ఎలా కనిపిస్తాయి? వాళ్ళకి కనిపించేది లెక్కల పుస్తకంలో వసూలు తగ్గిన గీత మాత్రమే. నా ఫ్రిజ్‌నీ ఆ కరువునీ పోల్చడం లేదు, అంత తెలివితక్కువదాన్ని కాను. కానీ మనిషి మొహం లెక్కల పుస్తకంలో అంకెగా మారిపోవడం అనే జబ్బు కంపెనీలకి పుట్టుకతోనే ఉందని చెబుతున్నాను.

మన కాలానికి వద్దాం. మన ఆడవాళ్ళ పోపుల డబ్బా తర్వాత ఎక్కువగా నమ్మినది బ్యాంకుని. హైదరాబాద్ స్టేట్ బ్యాంకు 1941లో ఏర్పడింది. మరుసటి ఏడు, 1942లో, గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచింది. ఆల్విన్ పుట్టిన ఏడాదే. అప్పుడు ఈ రాజ్యానికి సొంత రూపాయి ఉండేది, ఉస్మానియా సిక్కా అనేవారు. బయటి బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరిస్తే మన రూపాయలు ఏడు. ఆ సిక్కా వ్యవహారాలు చూసింది కూడా ఆ బ్యాంకే. 1956లో రిజర్వ్ బ్యాంకు దాన్ని తన చేతిలోకి తీసుకుంది, పేరు స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ అయింది. 1959లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాకి అనుబంధ బ్యాంకు అయింది. 2017 ఏప్రిల్ 1న పూర్తిగా అందులో కలిసిపోయింది. అదే రోజు ఇంకో బ్యాంకు కూడా కలిసింది, మనలో చాలామంది గమనించలేదు. 2013లో ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసమని పెట్టిన భారతీయ మహిళా బ్యాంకు అది. నాలుగేళ్ళు నిండకుండానే దాని పేరు చెరిగిపోయింది.

ఆంధ్రా బ్యాంకుదీ అదే దారి. 1923లో మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు. హైదరాబాద్‌కి కేంద్ర కార్యాలయం మార్చుకుంది. 1980లో జాతీయం అయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. అంటే మూడేళ్ళ తేడాతో మన ఊళ్ళో కూర్చుని నిర్ణయాలు తీసుకునే రెండు పెద్ద బ్యాంకులు పోయి, ఆ నిర్ణయాలు ముంబైకి వెళ్ళాయి. మన వీధిలో శాఖలు మిగిలాయి. సిబ్బందిలో చాలామంది అక్కడే ఉన్నారు. ఈ మార్పులకి కారణాలున్నాయి. చిన్న బ్యాంకుకి మొండి బాకీ తగిలితే తట్టుకోవడం కష్టం, పెద్దదానికి నిలబడే బలం ఉంటుంది. ఆ వాదన నేను కాదనను. కానీ పెద్ద తలకాయ ఇంకో ఊరికి వెళ్ళినప్పుడు, కౌంటర్ వెనకున్న మనిషి చేతిలో ఏం మిగిలింది అన్నది నా ప్రశ్న.

మళ్ళీ ఆల్విన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇక్కడ న్యాయంగా మాట్లాడాలి. ఊళ్ళో ఉన్నంత మాత్రాన ఆల్విన్ బతకలేదు. నష్టాల్లో కూరుకుపోయింది. 1991 తర్వాత మార్కెట్ తెరుచుకుంది. పెద్ద పెట్టుబడులతో కంపెనీలు దిగాయి, కొరియా కంపెనీలు కూడా ఆ పదేళ్ళలోనే వచ్చాయి. ఆల్విన్ ఫ్రిజ్‌ల విభాగం 1990ల తొలి ఏళ్ళలో వోల్టాస్ చేతికి పోయింది. గడియారాల విభాగమూ మూతపడింది. కొత్తగా వచ్చిన ఫ్రిజ్‌లు కరెంటు తక్కువ తిన్నాయి, మంచు గడ్డకట్టలేదు, రంగురంగుల్లో దొరికాయి. మనమే వాటిని కోరి కొనుక్కున్నాం. మా అత్తమ్మ కూడా ఆ పాత ఆల్విన్‌ని ఇచ్చేసి కొత్తది తెప్పించుకున్న రోజు ఎంత మురిసిపోయిందో మా ఆయన ఇప్పటికీ చెబుతారు.

ఇంకో న్యాయం కూడా ఉంది. దగ్గరితనం ఆడవాళ్ళకి ఎప్పుడూ మేలే చేసిందని చెప్పలేం. పాతబస్తీలో గిర్వీ దుకాణాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. గిర్వీ పెట్టుకునే సేఠుకి మన పేరు తెలుసు, మన ఇల్లు తెలుసు. మనం ఎంత ఇరుకున పడ్డామో కూడా తెలుసు, వడ్డీ దాన్ని బట్టే ఉండేది. పుస్తెలతాడు అక్కడ పెట్టి వస్తే సాయంత్రానికి గల్లీ అంతా తెలిసేది. పాత రోజుల్లో బ్యాంకు క్లర్కు కుశల ప్రశ్నలు వేసేవాడంటే అవి మా మామయ్యని వేసేవాడు. అత్తమ్మకి సొంత ఖాతా లేదు, ఆమెతో ఆ క్లర్కు మాట్లాడిందీ లేదు. ఈ రోజు మా పనమ్మాయికి సొంత ఖాతా ఉంది. 2014లో మొదలైన జన్‌ధన్ పథకంలో, పైసా నిల్వ లేకుండా తెరిచింది. ఏటీఎం ఆమెని "మీ ఆయన రాలేదా?" అని అడగదు. ఈ దూరం ఆడవాళ్ళకి ఇచ్చిన గౌరవం అది. దాన్ని నేను వదులుకోను, మీరూ వదులుకోరు.

మరి పోయిందేమిటి? దానికి జవాబు మా ఆడపడుచు కూతురు చెప్పింది. అది ఒక కాల్ సెంటర్‌లో రెండేళ్ళు చేసింది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్న తర్వాత ఈ ఊరు కాల్ సెంటర్ల ఊరు కూడా అయింది కదా. పగలు పడుకుని, రాత్రంతా అమెరికా వాళ్ళ ఫోన్లు ఎత్తేది. అక్కడ ఎవరి ఇంట్లోనో ఏదో పాడైతే, వాళ్ళ కోపం వినేది హైదరాబాద్ అమ్మాయి. నా కోపం వినేది ఇంకెక్కడి అమ్మాయో.

"అత్తా, నువ్వు ఫోన్‌లో అరిస్తే ఆ అమ్మాయి ఏం చేయాలి? దాని ముందు కంప్యూటర్‌లో రాసినవి చదవాలి. ఒక్కో ఫోన్ ఎన్ని నిమిషాల్లో ముగించాలో లెక్క ఉంటుంది. ఎక్కువైతే టీం లీడర్ పిలుస్తాడు. నీ ఇన్సులిన్ గురించి విని దానికి జాలి వేసే ఉంటుంది. కానీ 'ముందు ఈ ఇంటికి వెళ్ళండి' అని చెప్పే బటన్ దాని దగ్గర లేదు" అంది.

ఆ మాటతో నాకు చిక్కుముడి విడిపోయింది. పాత కొట్టులో వినే మనిషీ, తీర్పు చెప్పే మనిషీ ఒకరే. మొహమాటపడినా, కోప్పడినా ఆ ఒక్క మనిషే. కంపెనీ పెద్దదైన కొద్దీ ఆ రెండు పనులూ విడిపోయాయి. వినేవాళ్ళ చేతిలో అధికారం లేదు, అధికారం ఉన్నవాళ్ళ చెవిన మన మాట పడదు. ఆ మధ్యలో డీలరు, సర్వీసు ఫ్రాంచైజీ, కాల్ సెంటరు కాంట్రాక్టరు, పనికింత అని డబ్బు తీసుకునే టెక్నీషియను. ఒక్కొక్కళ్ళూ తమ వంతు పని చేశామనే అంటారు. ఫ్రిజ్ మాత్రం ఆగే ఉంటుంది. నా దృష్టిలో దూరమంటే ఇదే. ముంబై, కొరియా, అమెరికా అనే మైళ్ళ దూరం దీనితో పోలిస్తే చిన్నది.

ఇక మా ఫ్రిజ్ కథ ముగిస్తాను. నాలుగో రోజు రెండు పనులు చేశాను. ఒకటి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. తెలుగులోనే మాట్లాడాను. రెండు, కంపెనీ ప్రధాన కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. ఫిర్యాదు నంబర్లు, తేదీలు, ఎవరూ రాకుండానే 'పరిష్కరించబడింది' అని వచ్చిన మెసేజ్, బిల్లు నకలు, అన్నీ జతచేశాను. ఇంట్లో మందు పాడయ్యే ప్రమాదం ఉందని మొదటి ఫోన్‌లోనే చెప్పానని కూడా రాశాను.

తొమ్మిదో రోజు ఒక కుర్రాడు వచ్చాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మంచినీళ్ళిస్తే రెండు గ్లాసులు తాగాడు. వెనక మూత విప్పి, రిలే మార్చి, 20 నిమిషాల్లో ఫ్రిజ్ ఆన్ చేశాడు. మా గల్లీ మెకానిక్ చెవి పెట్టి చెప్పిన ముక్కే అది. నా ఫిర్యాదు ఎవరూ రాకుండా ఎందుకు మూసేశారని అడిగాను. "నేను మూయలేదు మేడమ్. టైములోపల మూయకపోతే మా ఫ్రాంచైజీకి ఫైన్ పడుతుంది. అందుకని ముందు మూసేసి, తర్వాత వస్తారు. ఇవాళ నాకు ఇది పదకొండో ఇల్లు" అన్నాడు. నేను పెద్దగా తిట్టాలని దాచుకున్న మాటలన్నీ గొంతులోనే ఆగిపోయాయి. ఈ కుర్రాడూ నాలాగే ఆ కంపెనీ యజమానిని ఎన్నడూ చూసుండడు.

చదివేవాళ్ళకి ఉపయోగపడే నాలుగు మాటలు కూడా రాయాలి. మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చి, 2020 జూలై నుంచి అమలవుతోంది. అందులో నాకు అన్నిటికన్నా నచ్చినది ఒకటుంది. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే, మనం ఉండే ఊళ్ళోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొన్న వస్తువైతే కమిషన్‌కి కట్టే రుసుము కూడా లేదు. వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. కంపెనీ ఎంత దూరం వెళ్ళినా, జవాబు చెప్పడానికి మాత్రం మన ఊరికి రావాలని చట్టం చెప్పింది. కుంఫిణీ రోజుల్లో మన వాళ్ళకి లేనిది అదే.

బ్యాంకు సంగతైతే, ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు నచ్చకపోతే, రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయొచ్చు. దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ ఫిర్యాదైనా ఫోన్‌తో ఆపకండి. నంబరు, తేదీ, మాట్లాడినవాళ్ళ పేరు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. పాల లెక్క రాసుకునే మనకి అదేం కొత్త కాదు. ఎవరూ రాకుండా 'పరిష్కరించబడింది' అని మెసేజ్ వస్తే దాన్ని చెరిపేయకండి, అదే మీ సాక్ష్యం. ఆ ఫోన్ ఎత్తిన అమ్మాయిని మాత్రం తిట్టకండి. అది మన ఇంటి పిల్లే అయి ఉండొచ్చు.

ఫ్రిజ్ చల్లబడ్డాక ఇన్సులిన్ తెచ్చుకోవడానికి ఖాలా ఇంటికి వెళ్ళాను. అన్నీ లెక్కపెట్టి ఇచ్చి, ఒక్క సీసా మాత్రం తన ఫ్రిజ్‌లోనే ఉంచమంది. "మళ్ళీ ఎప్పుడు ఏమవుతుందో" అంది. సరేనన్నాను. ఆ అర ఇంకా మా పేరు మీదే ఉంది. పోయిన వారం వాళ్ళ గ్యాస్ అయిపోతే, బండ వచ్చేదాకా వాళ్ళ టీ మా పొయ్యి మీదే కాగింది.